ఒక చుట్టు తక్కువ

ఆ వేసవిలో మా వంటింటి బల్ల మీద బంగాళాదుంపల గిన్నె పెట్టడానికి చోటుండేది కాదు. ఎటు చూసినా స్ప్రింగులు, మరలు, పాత సైకిలు ట్యూబులోంచి కత్తిరించిన రబ్బరు ముక్కలు, దూది చుట్టిన పుల్లలు, నూనె మరకలు. వాటి వెనకాల మా మిర్కా, ముంజేతుల దాకా నల్లబడి, పళ్ళ మధ్య ఒక మర పట్టుకుని.

"నోట్లోది తియ్యవే, గొంతులోకి జారితే ఏం చేస్తావ్?"

"జారితే రేపు పొద్దున్నకి అదే వస్తుందిలే అమ్మా."

మా ఆయన ఎన్సియో తింటున్న రొట్టె పొలమారేలా నవ్వాడు. అతను పాల ట్యాంకరు తోలుతాడు. తెల్లారి నాలుగింటికి లేచి ఊళ్ళన్నీ తిరిగి పాలు పోయించుకొచ్చే మనిషి. దేనికీ బెంగపడడు. "మీ అమ్మ భయాలన్నీ డబ్బాల్లో పోసి అమ్మితే కొత్త ట్రాక్టరొస్తుందే," అన్నాడు.

"నవ్వండి, నవ్వండి. ఏదో ఒకరోజు ఏడవాల్సొస్తుంది," అన్నాను నేను.

కీడెంచి మేలెంచమన్నారు. నేను కీడు దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆగిపోయే రకం. మిర్కా నడక నేర్చుకున్నప్పుడు పొయ్యి, ఈత నేర్చుకున్నప్పుడు ఏరు, పదిహేనేళ్ళకి మోపెడ్డు. ఇరవయ్యేళ్ళొచ్చాక ఇదిగో, ఈ తుపాకీ.

నిజం తుపాకీ కాదు. బఠాణీ గింజకన్నా చిన్నవి, ప్లాస్టిక్ గుళ్ళు, గాలితో కాల్చే ఆట తుపాకీ. ఎయిర్‌సాఫ్ట్ అంటారు. ఆదివారాలు ఊరి చివర పాత కంకర గుంటలో రెండు జట్లుగా చేరి, చెట్ల చాటున పాకుతూ ఒకరినొకరు కొట్టుకుంటారు, నలభయ్యేళ్ళవాళ్ళు కూడా. ఆటదే అయినా చూడ్డానికి అసలుదానిలాగే ఉంటుంది. నేను బడి వంటశాలలో పనిచేస్తాను. మా ఫిన్లాండ్‌లో బడిలో పనిచేసే ఆడదానికి తుపాకీ ఆకారం కనబడితే ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు, బళ్ళలో జరిగిన కాల్పుల గురించి పేపర్లు అందరూ చదివారు.

మిర్కా దుకాణంలో కొన్నది పేరుకే. అందులో కొన్నప్పటివి మిగిలినవి బయటి గొట్టం, మీట, అంతే. భుజానికి ఆనించుకునే చెక్క తనే చెక్కింది, చలికాలం గాలివానకి మా పెరట్లో పడిపోయిన బిర్చి చెట్టులోంచి. లోపలి గొట్టాన్ని పళ్ళపొడి పెట్టి గుడ్డతో మూడు వారాలు తోమింది. గుండుని వెనక నుంచి గాలితో తోసే పిస్టన్ ఉంటుంది, అన్నిటికన్నా ముఖ్యమైనది అదేనట. దాన్ని తెల్లటి నైలాను కడ్డీలోంచి తనే తీసింది. ఎన్సియో అన్నగారు పోతూ మా షెడ్డులో వదిలివెళ్ళిన పాత లేత్ మిషను మీద. గోడ ఎంత సన్నగా తీసిందంటే కిటికీకి ఎదురు పెట్టి చూస్తే వెలుతురు కనబడుతుంది.

"చూడమ్మా, గుడ్డు పెంకులా లేదూ?"

"గుడ్డు పెంకు పగుల్తుందే."

"నువ్వలా అంటే పగుల్తుంది."

మే నెలాఖర్న ఒక సాయంత్రం, స్నేహితురాలి తుపాకీ తెచ్చి పెట్టుకుంది. దాని జోరు ఎక్కువైందట, ఆటలోకి రానివ్వడం లేదట. మిర్కా వెనక బిళ్ళ తిప్పి స్ప్రింగు బయటికి లాగింది. జానెడున్నర పొడవు. చివర ఒక చుట్టు లెక్కపెట్టి, తటుక్కున కోసేసింది.

"అంతేనా?" అన్నాను, పిండి కలుపుతూ.

"ఒక చుట్టు తగ్గితే అంత మెత్తబడుతుంది. ఇంక చూడు, చీమని కొట్టినా లేచి నడిచి వెళ్ళిపోతుంది."

అంతలో ఫోను మోగింది. మా అక్క. దాని మోకాళ్ళ గురించి అరగంట చెప్పింది. నేను తిరిగొచ్చేసరికి పొయ్యి మీద ఏదో ఇనుము కాలిన వాసన. స్ప్రింగు లోపలికి వెళ్ళిపోయింది, మిర్కా చేతులు కడుక్కుంటోంది. నేను చూసింది కొయ్యడం ఒక్కటే.

*

జూన్ మొదట్లో కలెర్వో మా ఇంటికొచ్చాడు. బళ్ళో నాకన్నా రెండు తరగతులు పైవాడు. ఊరికి ఆ చివర వర్క్‌షాపు నడుపుతాడు. ఎనిమిది మంది పనివాళ్ళు, పొలం యంత్రాలకి కావలసిన చిన్న చిన్న భాగాలు చేస్తారు. మిర్కా వృత్తి విద్య పాసై ఏడాదైంది. ఎన్ని చోట్ల అడిగినా ఆడపిల్లని చూసి ఆఫీసులో కూర్చుంటావా అన్నవాళ్ళే. కలెర్వో ఒక్కడే నువ్వేం చేశావో చూపించు అన్నాడు.

వంటింటి బల్ల దగ్గర కూర్చుని పిస్టన్ని చేతిలోకి తీసుకున్నాడు. ఎడమ చేతికి రెండు వేళ్ళు లేవు, చూపుడువేలూ దాని పక్కదీ. నేను కాఫీ పోస్తూ ఆ చోటునే చూస్తున్నాను.

"లేత్ మీద ఎన్నిసార్లు పాడుచేశావ్ ఇది రావడానికి?"

"పద్నాలుగు," అంది మిర్కా.

"ఆ పద్నాలుగూ ఉన్నాయా, పారేశావా?"

"ఉన్నాయి. ఎక్కడ పోయిందో రాసి పెట్టుకున్నా."

కలెర్వో నా వైపు చూసి, "పిల్లని బాగానే పెంచావే ఎయిలా," అన్నాడు. తర్వాత మిర్కాతో, "బల్ల మీద అన్నీ అందంగానే ఉంటాయమ్మాయ్. జూన్ ఆఖరి ఆదివారం ఆట ఉందటగా. నేనొస్తా. నీ సొంత భాగాలతో నూట యాభై గుళ్ళు కాల్చు, ఎక్కడా ఆగకుండా. తట్టుకుందా, మర్నాడు సోమవారం ఏడింటికి వచ్చి నీ పేరున్న అలమారాలో బూట్లు పెట్టుకో."

అతను వెళ్ళాక మిర్కా వంటింట్లో నన్ను పట్టుకుని గిరగిరా తిప్పింది. వాళ్ళ నాన్న అప్పుడే ఊరంతా చెప్పుకోవడానికి బయల్దేరాడు. నేనూ నవ్వాను. నవ్వుతూనే అడిగాను.

"ఆయన వేళ్ళెలా పోయాయో అడిగావా?"

"అమ్మా!"

"ఊరికే అడిగానే."

మిడ్‌సమ్మర్ పండగ మర్నాడు మిర్కా పెరట్లో గురి చూసుకుంటోంది. గుళ్ళు మంచి బరువువి వెయ్యాలి, గాలికి కొట్టుకుపోవు, అని వాళ్ళ నాన్నకి చెబుతోంది. రాతిగోడ మీద పండగనాటి ఖాళీ డబ్బాలు వరసగా పెట్టింది. యాభై అడుగులు, వంద అడుగులు, నూట యాభై. ఠప్, ఠప్. ఎన్సియో వెళ్ళి ఒక డబ్బా పట్టుకొచ్చి నాకు చూపించాడు గర్వంగా. ఇటు చిల్లు. అటు పక్కకి పొంగి ఉంది, లోపల గుండు గలగలలాడుతోంది.

"ఇది కంటికి తగిలితే?"

"అందరూ కళ్ళద్దాలు పెట్టుకుంటారమ్మా. అవి లేకుండా గుంటలోకి అడుగే పెట్టనివ్వరు. పైగా నా లాంటి దానికి తొంభై అడుగులకన్నా దగ్గర్లో ఉన్నవాళ్ళని కాల్చకూడదని రూలు."

"కళ్ళద్దాలు జారితే? చెమటకి తుడుచుకోవడానికి తీస్తే?"

"మెరుపు పడితే?" అన్నాడు ఎన్సియో. "ఎలుగుబంటి వస్తే? వెయ్యి ఇంకా, ఆగావేం?"

ఆ వారమంతా నాకు ఆ చిల్లే కనబడింది. దుకాణంలో, బస్సులో, ఎవరి మొహం చూసినా ముందు కన్నే చూసేదాన్ని. మెత్తటిది, తడిగా ఉండేది, డబ్బా రేకుకన్నా ఎంత మెత్తటిదో. ఎవరో తల్లి తన బిడ్డని ఆసుపత్రికి తీసుకెళ్తుంది, ఎవరు కాల్చారంటే మిర్కా అంటారు. పోలీసు జీపు మా గుమ్మం ముందు ఆగుతుంది. నా ఆలోచన అక్కడికి వచ్చాక ఇంక వెనక్కి నడిచేది కాదు.

*

శనివారం సాయంత్రం సావునా, అంటే కొట్టులో రాళ్ళు కాల్చి చేసే ఆవిరి స్నానం, మాకు పూజలాంటిది. నేనూ మిర్కా కలిసే వెళ్తాం, అది చంటిపిల్లగా ఉన్నప్పటి నుంచి. ఆ శనివారం నేను తలనొప్పన్నాను.

"నువ్వు సావునాకి రాకపోవడమా? డాక్టర్ని పిలవనా?" అంది మిర్కా.

"నాన్నని తీసుకెళ్ళు. పొయ్యి రాళ్ళ మీద నీళ్ళు తక్కువ పొయ్యండి, ఆవిరి కాల్తుంది."

ఇద్దరూ తువ్వాళ్ళు భుజాన వేసుకుని పెరటి చివరికి వెళ్ళిపోయారు. బయట ఎండ ఇంకా తెల్లగా ఉంది. నేను ఎన్సియో పనిముట్ల డబ్బాలోంచి తీగలు కోసే ప్లయరు తీశాను. తుపాకీ మిర్కా మంచం కింద సంచిలో ఉంది. వెనక బిళ్ళ ఎటు తిప్పాలో నాకు తెలుసు, అది ఆ బల్ల మీద ఎన్నిసార్లు తిప్పిందో లెక్కలేదు. స్ప్రింగు బయటికొచ్చింది. చివర ఒక చుట్టు లెక్కపెట్టాను.

మిర్కా కోసినప్పుడు తటుక్కున తెగింది. నాకు తెగలేదు. రెండు చేతులతో నొక్కాను, బల్ల అంచుకి ఆనించి పొట్టతో నొక్కాను. ప్లయరు పళ్ళు జారి రెండో చోట పట్టాయి. మూడోసారికి తెగిన ముక్క ఎగిరి పొయ్యి కిందికి పోయింది. మోకాళ్ళ మీద వంగి చీపురుపుల్లతో లాగి, బంగాళాదుంప తొక్కల్లో చుట్టి పారేశాను. కోసిన చివరని పిస్టన్లోకి పోనిచ్చి, ఎలా ఉన్నది అలా బిగించాను. స్ప్రింగుని వెనక్కి ఎక్కించే పిడిని, బోల్టంటారు, లాగి చూశాను. ముందుకన్నా తేలిగ్గానే వచ్చింది.

మెత్తబడితే చాలు. డబ్బాకి చిల్లు పడకుండా ఉంటే చాలు. నూట యాభై గుళ్ళు ఎలాగూ కాలుస్తుంది, ఉద్యోగం ఎలాగూ వస్తుంది, ఎవరి కన్నూ పోదు. ఇంతే అనుకున్నాను. అనుకున్నది కళ్ళ గురించే, కలెర్వో చేతికి లేని ఆ రెండు వేళ్ళ గురించి కాదు. ఎన్నిసార్లు ప్రశ్నించుకున్నా నాకు నేను అదే జవాబు చెప్పుకుంటూ వచ్చాను.

వాళ్ళు ఎర్రగా కాలిన మొహాలతో వచ్చేసరికి ఉప్పుచేప, సోయికూర వేసిన కొత్త బంగాళాదుంపలు బల్ల మీద పెట్టాను.

"తగ్గిందా తలనొప్పి?"

"తగ్గింది," అన్నాను. నిజంగానే తగ్గింది. ఆ రాత్రి వారంలో మొదటిసారి ఒళ్ళెరగకుండా నిద్రపోయాను.

*

ఆదివారం నేనూ వస్తానంటే మిర్కా నమ్మలేదు. ఎన్సియోకి ట్యాంకరు డ్యూటీ. నేను ఏలకుల బన్నులు చేసి, ఫ్లాస్కులో కాఫీ పోసి, కారెక్కాను. మిర్కా దారంతా పాట పాడుతూ తోలింది.

గుంట దగ్గర ముప్పై మంది దాకా ఉన్నారు. ముందుగా ఒక పెట్టెలోకి తుపాకీ పెట్టి ఒక గుండు కాల్పించి వేగం చూస్తారు. హద్దు దాటితే వెనక్కి పంపేస్తారు. మిర్కా కాల్చింది. అంకె చూసి మొహం చిట్లించింది. ఇంకోసారి కాల్చింది.

"హద్దుకి చాలా కిందే ఉందిలే, పద," అన్నాడు చూసేవాడు.

"ఉండాల్సిందానికన్నా కింద ఉంది," అంది మిర్కా. "ఎక్కడో గాలి పోతున్నట్టుంది."

విప్పి చూసుకునే టైము లేదు. ఈల వేశారు.

కలెర్వో నా పక్కనే రాయి మీద కూర్చున్నాడు, ఆటవాళ్ళిచ్చిన పెద్ద కళ్ళద్దాలు పెట్టుకుని. నాకూ ఒకటి ఇచ్చారు. దోమలు ముసురుతున్నాయి. దూరంగా ఒకతను పైన్ చెట్టు వెనక నుంచి లేచి, చెయ్యి పైకెత్తి, "తగిలింది!" అని అరిచి, తలవంచుకుని గుంట బయటికి నడిచొచ్చాడు.

"ఎవరు చెప్పారు అతనికి తగిలిందని?" అడిగాను.

"ఎవరూ చెప్పరు," అన్నాడు కలెర్వో. "గుండు చిన్నది, మరక పడదు. కాల్చినవాడికి కూడా కనబడదు. తగిలినవాడికి ఒక్కడికే తెలుస్తుంది. వాడే చెయ్యెత్తి చెప్పాలి."

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే ఆడుతూనే ఉండొచ్చు. ఆపేవాడెవడూ లేడు." దోమని కొట్టి అరిచెయ్యి చూసుకున్నాడు. "అందుకే నాకీ ఆటంటే ఇష్టం."

మిర్కా మా ఎదురుగా ఇసుక దిబ్బ మీద బోర్లా పడుకుని ఉంది. బోల్టు లాగడం, ఊపిరి బిగబట్టడం, ఠప్. ఎక్కడో ఎవరో చెయ్యెత్తడం. కలెర్వో అగ్గిపెట్టె వెనక గీతలు పెడుతున్నాడు. యాభై, డెబ్భై, తొంభై. "దాని చెయ్యి చూడు, వణుకే లేదు," అన్నాడు ఒకసారి. నా గుండె మెల్లమెల్లగా చోటులోకి వచ్చింది. కన్నూ పోలేదు, ఉద్యోగమూ వస్తోంది, అనవసరంగా ఇన్నాళ్ళు నిద్ర పాడుచేసుకున్నాను అనుకున్నాను.

నూట పన్నెండో గుండుకి చప్పుడు మారింది. ఠప్ కాదు, గాజుగ్లాసు నేల మీద పడ్డట్టు.

మిర్కా లేచి, చెయ్యి పైకెత్తి, మా దగ్గరికి నడిచొచ్చింది. కారు బానెట్టు మీద గుడ్డ పరిచి తుపాకీ విప్పింది. నేను బన్నులున్న బుట్ట పట్టుకుని రెండడుగుల దూరంలో నిలబడ్డాను. పిస్టన్ నిలువునా చీలిపోయి రెండు తెల్లటి ముక్కలుగా బయటికొచ్చింది. చీలిన చోట లోపల గోరుతో గీరినట్టు లోతుగా గాట్లు. తర్వాత స్ప్రింగు.

కలెర్వో దాన్ని తీసుకున్నాడు. చివర బొటనవేలు పెట్టి రాశాడు. వేలు గీరుకుంది. నోట్లో పెట్టుకుని చప్పరించి, అప్పుడు అడిగాడు.

"ఈ కోత నీదేనా?"

మిర్కా స్ప్రింగు వైపు చూసింది. చుట్లు లెక్కపెట్టుకుందని పెదవుల కదలికని బట్టి తెలిసింది. తర్వాత తలెత్తి నా వైపు చూసింది. కోపంగా చూసి ఉంటే బాగుండేది. చిన్నప్పుడు బడి నాటకంలో మాట మరిచిపోతే ముందు వరసలో ఉన్న నన్ను చూసేది. అలా చూసింది.

ఒక బన్ను మీద చీమ పాకుతోంది. దాన్ని తీస్తూ ఉండిపోయాను.

"నాదే," అంది మిర్కా.

"కోశాక చివర కాల్చి, చదునుగా అణచకపోతే ఆ మొన పిస్టన్ని తొలిచేస్తుందని తెలీదూ?"

"తెలుసు."

"మరి?"

"తొందరపడ్డాను."

కలెర్వో నా వైపు తిరిగాడు. నన్ను కాఫీ అడిగాడు, పోశాను. నిలబడే తాగాడు, తొందరేమీ లేనట్టు, ఒక గుక్కకీ ఇంకో గుక్కకీ మధ్య గుంట వైపు చూస్తూ. బన్ను తిని బాగుందన్నాడు. ఇంకో కప్పు అడిగాడు. అదీ అయ్యాక స్ప్రింగుని మిర్కా అరచేతిలో పెట్టి వేళ్ళు మూశాడు.

"సోమవారం రావద్దులే అమ్మాయ్."

తిరిగొచ్చేటప్పుడు పాట లేదు. మా పొహ్యన్మా ప్రాంతంలో రోడ్లు గీత గీసినట్టుంటాయి, మలుపు కూడా ఉండదు, చూడ్డానికి పొలాలు తప్ప ఏమీ ఉండదు. మా ఇంటి సందులోకి తిరిగేటప్పుడు అంది.

"అమ్మా, ఆ ప్లయరు డబ్బాలో దాని చోట్లో పెట్టెయ్యి. నాన్న పొద్దున్న వెతుక్కున్నాడు."

దాని గురించి ఇంకొక్క మాట లేదు. ఆ రోజే కాదు, ఆ వేసవంతా.

*

పాల ట్యాంకరువాడికి ఊళ్ళో మాటలన్నీ ముందు చేరతాయి. బుధవారం ఎన్సియో భోజనానికి కూర్చుని చెంచా ముట్టుకోలేదు.

"స్ప్రింగు కోసి చివర అణచకుండా పెట్టావటగా. ప్రతి పశువుల కొట్టం దగ్గరా అదే మాట. బళ్ళో మొదటేడు పిల్లలకి కూడా తెలుసే అది!"

"మరిచిపోయాను నాన్నా."

"మరిచిపోవడమేంటి? పద్నాలుగు పిస్టన్లు చేసినదానివి. నేను అందరికీ చెప్పుకున్నానే, మా పిల్ల చెయ్యి పడితే..." కంచం పక్కకి తోశాడు. "మా అన్న మిషను పరువు తీశావ్."

మిర్కా తల వంచుకుని బంగాళాదుంప తొక్క తీస్తోంది. ఇప్పుడు చెప్పాలి అనుకున్నాను. ఇప్పుడు చెప్తే, మూడు రోజులు ఎందుకు చెప్పలేదంటాడు. బిడ్డ నోటి దగ్గర కూడు లాగేశావంటాడు. మిర్కా లేచి వెళ్ళిపోతుంది, మళ్ళీ రాదు. అన్నీ కళ్ళకి కట్టాయి. చెప్పాక జరగబోయేవి వరసగా చూడడంలో నాకున్న నేర్పు ఇంకెవరికీ లేదు.

"వెన్న వేసుకోండి," అన్నాను.

జూలైలో మిర్కా షెడ్డు వైపు వెళ్ళడం మానేసింది. తుపాకీని భాగాలుగా విప్పి, పేపర్లో చుట్టి, ఆటలో ఎవరికో ఇచ్చేసింది. ఆ పద్నాలుగు పిస్టన్లూ చెత్తలో కనబడ్డాయి. ఒక్కోదానికీ అంటించిన చిన్న కాగితాల మీద దాని గుండ్రటి అక్షరాలు: ఇక్కడ వేడెక్కింది, ఇక్కడ తొందరపడ్డాను, ఇక్కడ ఉలి మొద్దు. నేను వాటిని ఏరి దాచుకోలేదు. ఏరితే ఎందుకని అడుగుతుందేమోనని.

సావునాకి మాత్రం శనివారం కలిసే వెళ్ళేవాళ్ళం. పక్కపక్కనే బల్ల మీద కూర్చుని, రాళ్ళ మీద నీళ్ళు పోసుకుంటూ. నా వీపు రుద్దేది. అంత ఒద్దికగా ఎప్పుడూ రుద్దలేదు.

ఆగస్టు రెండో వారంలో బడి తెరిచారు. మా వంటశాలలో ఒకామె నడుము విరిగి సెలవు పెట్టింది. పెద్ద వంటామె, "మీ అమ్మాయి ఖాళీగానే ఉందిగా ఎయిలా, రమ్మను," అంది. నేను ఇంటికొచ్చి భయం భయంగా చెబితే మిర్కా సరే అంది. ఎన్ని గంటలకి అని మాత్రం అడిగింది. తెల్ల టోపీ, తెల్ల ఏప్రను. నా పక్క బల్లే దానిది. మిషన్లు లేవు, గుళ్ళు లేవు, రోజంతా నా కళ్ళెదురుగా. ఇరవయ్యేళ్ళుగా నేను దేవుణ్ణి కోరుకున్నది అక్షరాలా అదే. అది అలా వచ్చి నా పక్కన నిలబడి ఉల్లిపాయలు తరుగుతుంటే నాకు అన్నం సయించడం మానేసింది.

వారం ఆగాక, పని అయిపోయి, దాన్ని ముందు బస్సెక్కించి, కలెర్వో వర్క్‌షాపుకి వెళ్ళాను.

*

లోపల ఇనుము వాసన, వేడి నూనె వాసన. అతను నన్ను బయట బెంచీ మీద కూర్చోబెట్టాడు. బస్సు స్టాపు నుంచి గుమ్మం దాకా కూడబలుక్కున్న మాటలన్నీ పోయి, ఒక్కటే మిగిలింది.

"ఆ స్ప్రింగు కోసింది నేను."

"తెలుసు," అన్నాడు కలెర్వో.

నాకు అర్థం కాలేదు.

"కోసిన చెయ్యి కోతలో కనబడుతుంది ఎయిలా. ఆ పిల్ల కోస్తే ఆకురాయితో గాటు పెట్టి ఒక్క దెబ్బకి తెంపుతుంది. అది కుక్క ఎముక నమిలినట్టుంది. మూడు చోట్ల పళ్ళు పడ్డాయి. పైగా ఇంట్లో ప్లయరు ఎవరెవరికి అందుతుందో తెలీనంత పెద్దదా మీ ఇల్లు?"

"మరి తెలిసీ... మరి దాన్నెందుకు రావద్దన్నావ్?"

అతను తన ఎడమ చేతిని మోకాలి మీద పెట్టుకున్నాడు, ఉన్న మూడు వేళ్ళూ చాపి.

"దీని సంగతి నీకు తెలీదుగా. నలభయ్యేళ్ళ కిందట నాతో పాటు పనిచేసేవాడొకడు మిషను మీద కాపుదల మూత తీసి మరిచిపోయాడు, రెండుసార్లు. రెండుసార్లూ వాడి అన్న నేనే తీశానని మీదేసుకున్నాడు. మంచోడు అన్న. తమ్ముణ్ణి కాపాడాడు. మూడోసారి ఆ మిషను దగ్గర నేనున్నాను." చెయ్యి ముడుచుకున్నాడు. "ఎవడి తప్పు వాడు చెప్తే నాకు చాలు, తిట్టను కూడా తిట్టను. కానీ ఇంకొకళ్ళ తప్పు మీదేసుకునేవాళ్ళున్నారే, వాళ్ళని చూస్తే నాకు భయం. వాళ్ళు నింద మోసి వెళ్ళిపోతారు, అసలు చేసినవాడు మిషను దగ్గరే ఉండిపోతాడు."

"అది నాకోసం చెప్పింది కలెర్వో. తల్లి కోసం చెప్పింది."

"నేనూ తల్లి కోసమే నిలబడ్డాను. కాఫీ తాగుతూ ఎంతసేపు నిలబడ్డాను? నువ్వొక్క మాటంటే ఆ పిల్ల మాట కొట్టేసి, సోమవారం రమ్మనేవాణ్ణి. కొత్త పిస్టన్ ఇక్కడే తీయించేవాణ్ణి."

"ఇప్పుడు చెప్తున్నాగా."

"ఇప్పుడా? జూలైలో కొర్టెస్‌యార్వి వైపు నుంచి ఒకావిడని తీసుకున్నా. బాగానే చేస్తోంది." లేచాడు. లోపల ఎవరో పిలుస్తున్నారు. గుమ్మం దగ్గర ఆగి అడిగాడు. "మిర్కాకి చెప్పావా? నాకు చెప్పినట్టు, నీ నోటితో?"

"దానికి తెలుసు."

"తెలుసో లేదో అడగలేదు నేను."

ఆ రాత్రంతా మాటలు పేర్చుకున్నాను. మర్నాడు బళ్ళో క్యారెట్ల సూపు. మూడు వందల మంది పిల్లలకి. ఉదయం ఏడున్నరకి వంటశాలలో మేమిద్దరమే, ఎదురెదురుగా, మధ్యలో క్యారెట్ల బుట్ట. మిర్కా కత్తి పలక మీద టకటకమని పడుతోంది, ఒక్కో చక్రం ఇంకోదానితో కొలిచినట్టు సమానంగా. దానికి ఎవరూ అలా కొయ్యమని చెప్పలేదు.

"మిర్కా," అన్నాను. "నిన్న నేను కలెర్వో దగ్గరికి వెళ్ళాను."

కత్తి ఆగింది. తలెత్తి నన్ను చూసింది. చేతిలో సగం కోసిన క్యారెట్టు అలాగే పట్టుకుని, నేను చెప్పేదాకా ఎంతసేపైనా నిలబడేదానిలా నిలబడింది. కత్తి మొన దాని ఎడమ బొటనవేలికి వెంట్రుకవాసి దూరంలో ఉంది. నాకు ఇంకేమీ కనబడలేదు.

"వేలు, వేలు జాగ్రత్త," అన్నాను.

మిర్కా వేలు పక్కకి జరుపుకుని, మళ్ళీ కొయ్యడం మొదలుపెట్టింది.